అపస్మారముగాని మూర్ఛ: సంజ్ఞావిమర్శనము

వ్యాధికిఁ బేరు పెట్టుట వైద్యుని పని. ఆ పేరు తగినదో కాదో పరీక్షించుట శబ్దశాస్త్రజ్ఞుని పని. తగని పేరువలన శాస్త్రమునకుఁ గలుగు హాని స్వల్పము. రోగికిఁ గలుగు హాని యధికము. ఇందులకు నిదర్శనముగాఁ జూపఁదగిన వ్యాధి యొకటి కలదు.

వయస్సు వచ్చిన స్త్రీయో పురుషుఁడో హఠాత్తుగా నేలఁ బడును. కాలుసేతులు కొట్టుకొనును. పిలిచినఁ బలుకు లేదు. చూచువారు మూర్ఛ యందురు, సొమ్మ యందురు. నేఁటివారు ఫిట్సు అందురు. ఆ సమయముననే తలకుఁ దీఁగెలు తగిల్చి మెదడునందలి విద్యుత్ప్రవాహమును లిఖించి, దానితోఁ గూడ రోగి చేష్టలను వీడియోగాఁ బట్టి చూచినచో, అపస్మారమునఁ గానవచ్చు విద్యుత్క్షోభ యిందుఁ గానరాదు. కొన్ని యపస్మారములును శిరస్సుపైనుండి తీసిన లేఖనమునకుఁ జిక్కవు గావున, వైద్యుఁడు దీని నొక్కదానినే నమ్మక, పూర్వవృత్తాంతమును, కన్నులు మూసికొనియుండుట, తల యటునిటు త్రిప్పుట, చేష్టలు నడుమ నాఁగి మరల మొదలగుట, చాలసేపు నిలుచుట మొదలగు చిహ్నములను గలిపి నిర్ణయించును. ఇది యపస్మారము కాదు, అయినను వ్యాధియే. ఈ వ్యాధి కింగ్లీషున నూటయేఁబది యేండ్లలోఁ బెక్కు పేరులు పుట్టినవి, గిట్టినవి. తెనుఁగున స్థిరమైన పే రింకను లేదు. ఆ యింగ్లీషు పేరులనే యొకటొకటిగాఁ దెనిఁగించుటకుముందు, అతివ్యాప్తి, అవ్యాప్తి, అసంభవము అను మూఁడు లక్షణదోషములచే వానిని దూఁచి చూచుట యావశ్యకము.

మొదటఁ బ్రాచీన సంజ్ఞలు పరిశీలింపఁదగినవి. అపపూర్వకమైన స్మృధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరఁగా ‘అపస్మార’ శబ్దము సిద్ధించును. స్మృతి తొలఁగుట యని యోగార్థము. సుశ్రుతుఁ డుత్తరతంత్రమున నీ యర్థమునే వివరించెను. చరకుఁడు స్మృతి బుద్ధి సత్త్వములు చెదరుటయు, బీభత్సచేష్టలును, కొంతసేపు తమస్సునఁ బ్రవేశించుటయు దీనికి లక్షణములుగాఁ జెప్పి, దోషభేదముచే నిది నాలుగు విధము లనెను. చికిత్సాస్థానము 10వ యధ్యాయమునఁ జింత, కామము, భయము, క్రోధము, శోకము, ఉద్వేగము మొదలగువానిచే మనస్సు దెబ్బతిన్నవారి కపస్మారము ప్రవర్తించునని కూడఁ జెప్పెను. యోగార్థమును మాత్రమే గ్రహించినచో నీ శబ్దము ప్రకృతవ్యాధికిఁ జక్కఁగాఁ జెల్లును. ఇందును స్మృతియే తొలఁగుచున్నది. కాని రూఢి యోగమును బాధించును. నేఁ డపస్మారమనఁగా విద్యుత్క్షోభచేఁ గలుగు వ్యాధి యనియే రూఢి. ఆ రూఢిని విడిచి రెంటికి నొకే పేరిడినచో, ఒకదాని యౌషధము రెండవదానికి వచ్చి పడును. ఈ భయ మూహామాత్రము కాదు. జర్మనీ దేశమున నీ రోగులను బరిశీలించి 2002లోఁ బ్రకటించిన యొక వ్యాసమునుబట్టి, మొదటి మూర్ఛ మొదలు సరియైన నిర్ణయమువఱకుఁ గడచిన కాలము సగటున నేడేండ్లకుఁ బైఁబడినది. అన్నియేండ్లును వారిలోఁ బెక్కు రపస్మారౌషధములనే పుచ్చుకొనిరి.

‘అపతంత్రకము’ అను వేఱొక సంజ్ఞ కలదు. చరకుఁడు సిద్ధిస్థానమునను, సుశ్రుతుఁడు నిదానస్థానమునను దీనిని వర్ణించిరి. వాయువు పైకెగసి హృదయమును శిరస్సును బీడించును; దేహము వంగును; కన్నులు మూఁతపడును, లేదా నిలిచిపోవును; ఊపిరి కష్టముగా నాడును; గొంతునుండి కూఁత వెడలును; హృదయము వాయువుచే విడువఁబడినతోడనే రోగి స్వస్థుఁ డగును. మూఁతపడిన కన్నులనుగూర్చిన యీ మాట నేఁటి వైద్యుల పట్టికకు మిక్కిలి దగ్గఱ. ఇంతమాత్రముచే నపతంత్రకమే యీ వ్యాధి యని కొంద ఱర్వాచీనులు నిర్ణయించిరి. కాని యా వర్ణనమున విల్లువలె వంగు ధనుర్వాతాదుల ఛాయయుఁ గలదు. ఒకటి రెండు చిహ్నముల సామ్యముచే నభేదము చెప్పుట సాదృశ్యమును దాదాత్మ్యముగా భ్రమించుటయే. ప్రాచీనులు చక్కఁగాఁ జూచి రనుట యొకటి. నేఁడు తెలిసినదంతయు వారి కప్పుడే తెలిసియున్న దనుట వేఱొకటి. మొదటిది గౌరవము, రెండవది గౌరవాభాసము.

సాహిత్యశాస్త్రమున నీ శబ్దమున కొక విలక్షణస్థానము కలదు. భరతుఁడు ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నపస్మారము నొకటిగాఁ బరిగణించెను. దేవ యక్ష పిశాచాదుల గ్రహణము, శూన్యగృహమున నుండుట, అశుచిత్వము, ధాతువైషమ్యము దీనికి విభావములు. కంపము, పరుగు, పతనము, చెమట, నోట నురుఁగు అనుభావములు. ఇచట గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. రంగమునఁ బడువాఁడు నటుఁడు. అతని పతనము ప్రయత్నపూర్వకము. నటుఁ డనుకర్త, ఎవని యవస్థ ననుకరించుచున్నాఁడో వాఁ డనుకార్యుఁడు. అనుకర్తయందుఁ గర్తృత్వము కలదు. అనుకార్యుని పతనమున నది లేదు. ఈ భేదమును మఱచుటయే యీ వ్యాధి చరిత్రమునఁ బ్రధానదోషము.

పారిసు నగరమునందలి సాల్పెత్రియేర్ వైద్యశాలలో షార్కో పండితుఁ డీ రోగులను సభామధ్యమునఁ జూపి పాఠములు చెప్పెను. ఆ దృశ్యమును బ్రూయే యను చిత్రకారుఁడు 1887లోఁ బెద్ద పటముగా వ్రాసెను. ఆ వైద్యశాలలో నపస్మారరోగిణులను, హిస్టీరియా యని పేర్కొనఁబడినవారిని నొకేచోట నుంచిరి. షార్కో వాడిన పేరు ‘హిస్టీరో-ఎపిలెప్సీ’. రెండు వ్యాధుల పేరులను ద్వంద్వసమాసమువలెఁ జేర్చి యొక వ్యాధిగాఁ జేయుట దీని దోషము. కొందఱు రోగులకు రెండు వ్యాధులును గలవనుట నిజమే. అది సహభావము గాని యైక్యము గాదు. షార్కో 1893లో మృతుఁడైన పిమ్మట నతని శిష్యులే యా పాఠములను శంకించి, రోగిణులు చూపినదానిలో సూచనచేఁ బుట్టిన దెంతయో కలదనిరి. అంతట లోకము వేఱొక యంచునకుఁ బోయి, సభలోఁ బడిన రోగిణిని నటిగాఁ దలఁచెను. అనుకార్యుఁ డనుకర్తగా మాఱెను.

‘హిస్టీరియా’ శబ్దము గర్భాశయవాచకమగు గ్రీకుశబ్దమునుండి పుట్టినది. దీనికిఁ దగినట్లుగానే యర్వాచీనులగు నాయుర్వేదవేత్తలు ‘యోషాపస్మారము’ అనిరి. యోష యనఁగా స్త్రీ. ఇందు నవ్యాప్తి స్పష్టము. ఈ రోగులలో నించుమించు మూఁడు వంతులు స్త్రీలే. కాని తక్కిన నాలవ వంతు పురుషులు. పురుషులకును హిస్టీరియా కలదని షార్కోయే చెప్పెను. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగిగుండ్ల నడుమ నిలిచిన యోధులు వడఁకిరి, మూఁగవోయిరి, మూర్ఛిల్లిరి; 1915లో వైద్యపత్రికయందు మయర్సు దానికి ‘షెల్‌షాక్’ అను పేరు వాడెను. స్త్రీకి వచ్చినప్పుడు గర్భాశయమును, పురుషునికి వచ్చినప్పుడు ఫిరంగిని నిమిత్తముగాఁ జెప్పుట వైద్యము గాదు, లోకరీతి. 1980లో నమెరికా మానసికవైద్యుల వర్గీకరణగ్రంథము హిస్టీరియా యను పేరును విడిచినది. తెనుఁగుమాటలలో మాత్రము, ముఖ్యముగా స్త్రీలను దూఱునప్పుడు, అది యింకను వినవచ్చుచునే యున్నది.

పిమ్మట వచ్చినది ‘సూడో సీజర్’ అను పేరు. దీనిని ‘మిథ్యామూర్ఛ’ యనియో, ‘కూటమూర్ఛ’ యనియో తెనిఁగింపవచ్చును. ఇందున్నది యసంభవదోషము. మిథ్య యైనది యేది? పతనము మిథ్యయా? గాయపడిన మోచేయి మిథ్యయా? స్మృతి తొలఁగుట మిథ్యయా? మూఁడును సత్యములే. చూచువాఁ డపస్మారమని తలఁచినచో నా తలంపు మిథ్య. జ్ఞాతయందలి దోషమును జ్ఞేయమున కంటఁగట్టుట యీ సంజ్ఞ చేసిన పని. శుక్తిని జూచి రజతమనుకొన్నవాఁడు తన భ్రమకు శుక్తిని దండించుట యెట్టిదో యిదియు నట్టిదే.

దీని లోఁతు కారకవిచారమునఁ దెలియును. క్రియయందు స్వతంత్రుఁడుగా వివక్షింపఁబడినవాఁడు కర్త యని పాణినీయుల మతము. కారకములు వివక్షాధీనములు గావుననే కుండ వండుచున్నదని చెప్పుటయుఁ జెల్లును. వక్త యెవనిని గర్తగాఁ జేయఁదలఁచునో వాఁడే కర్త. ‘మూర్ఛ వచ్చినది’ యనునపుడు మూర్ఛ కర్త, రోగి షష్ఠ్యంతుఁడు. ‘వేసము వేసినాఁడు’ అనునపుడు రోగి కర్త. మిథ్యాశబ్దము నోట వచ్చినంతనే, వక్త యెఱుఁగకయే, రోగి షష్ఠినుండి ప్రథమకుఁ దెచ్చి నిలుపఁబడును. కోరి నటించువారు లోకమున లేకపోలేదు; వైద్యులు దానికి వేఱు పేరిడి వేఱుగా నుంచిరి. ఈ వ్యాధియందు రోగికి నట్టి స్వాతంత్ర్యము లేదు. 2003లో నెడింబరో వైద్యులు, నరములవైద్యునికడకు వచ్చిన సామాన్యరోగుల నీ పేరులలో నొక్కొకటి వినినప్పు డేమి తోఁచునని యడిగిరి. హిస్టీరియా, మిథ్య యను నర్థముగల పేరులు వినినవారికిఁ ‘బిచ్చియందురో, నటన యందురో’ యని తోఁచెను. పేరులోని నింద వైద్యునికి వినఁబడకున్నను రోగికి వినఁబడునని దీనిచేఁ దేలినది.

మూఁడవది ‘సైకోజెనిక్’, అనఁగా మనోజన్యము. ఇందు సత్యాంశ మెక్కువ. కావుననే పరీక్ష కఠినముగా నుండవలయును. బాల్యమున దెబ్బలు, లైంగికబాధలు, ఆదరణలేమి ననుభవించినవా రీ రోగులలో సామాన్యజనముకంటె నెక్కువ. ఇట్టి వ్యాధులన్నిటినిగూర్చిన ముప్పదినాలుగు పరిశీలనములను గూర్చి చూచి 2018లోఁ బ్రకటించిన సమీక్ష యీ సంబంధమును స్థాపించినది. అందు విశేషమేమనఁగా, కొట్టుటకంటెను మనస్సును బట్టించుకొనని యుపేక్షయే యెక్కువ సంబంధము కలదిగాఁ గనఁబడెను. ఆ సమీక్షయే మఱియొక మాటయుఁ జెప్పినది: చాలమంది రోగులకు నట్టి పూర్వవృత్తాంత మేదియుఁ గానరాదు. 2013లో వెలువడిన యమెరికా వర్గీకరణగ్రంథపు టైదవకూర్పు, మానసికకారణము కనుఁగొని తీరవలయునను నియమమును దీసివైచినది.

మాధవనిదానమునకు మధుకోశవ్యాఖ్య వ్రాసిన విజయరక్షితుఁడు హేతువులను సన్నికృష్టము, విప్రకృష్టము, వ్యభిచారి, ప్రాధానికము అని నాలుగుగా విభజించెను. ఈ విభాగ మిచట నుపకరించును. బాల్యమునాఁటి బాధ విప్రకృష్టహేతువు. ఆప్తమరణము, గృహకలహము, దేహమునకుఁ దగిలిన గాయము, శస్త్రచికిత్స సన్నికృష్టములు. కాని ప్రతి హేతువును వ్యభిచారి కూడ. అది యున్నను వ్యాధి రాకపోవచ్చును, అది లేకున్నను రావచ్చును. అన్వయవ్యతిరేకములు రెండును జెడినచోట ‘జన్య’ శబ్దమును వాడరాదు. వైద్యుఁడు ‘మనోజన్య’ మని నిశ్చయించుకొనినచో, రోగి జీవితమున లేని దుఃఖమును ద్రవ్వుచుఁ గూర్చుండును. అది దొరకకున్న రోగి దాఁచుచున్నదని తలఁచును. ఇంట నత్తమామలు తమ్ము దూషించినట్లు భావింతురు. మరల నిందయే ఫలము.

పై హేతువులకుఁ దోడు, వ్యాధి వచ్చిన పిమ్మట దానిని నిలుపు హేతువులు వేఱుగాఁ గలవు. నలుగురిలోఁ బడుదునేమోయను భయము, అందుచే నిల్లు వెడలకుండుట, ఉద్యోగము పోవుట, తగని యౌషధము, నమ్మని వైద్యుఁడు, కాపలాకాయు బంధువులు: ఇవి యన్నియు సాంఘికములు. బ్రౌను, రూబెరు అనువారు 2016లోఁ బ్రతిపాదించిన మతమునుబట్టి, గుండెదడ, తలత్రిప్పు మొదలగు దేహక్షోభ పొడసూపఁగానే, అభ్యాసముచే మెదడున నేర్పడిన మూర్ఛాసంస్కార మప్రయత్నముగా మేల్కొనును. సంస్కారశబ్దము శాస్త్రములం దెఱిఁగినవారి కీ మతము దురవగాహము కాదు. తీఁగె మీటినవాఁడు లేకయే వీణ మ్రోఁగినట్లు, ఇచటఁ గ్రియ కలదు, స్వతంత్రుఁడగు కర్త లేఁడు.

నాలవది ‘నాన్ ఎపిలెప్టిక్’, అనఁగా ననపస్మారము. ఇది నఞ్సమాసము. నఞర్థము పర్యుదాసము, ప్రసజ్యప్రతిషేధము అని రెండు విధములు. అబ్రాహ్మణుని దెమ్మనిన బ్రాహ్మణునితో సమానుఁడైన వేఱొక మనుష్యుని దెత్తురు గాని, మట్టిబెడ్డను దేరు, అది పర్యుదాసము. వట్టి లేమిని జెప్పుట ప్రసజ్యప్రతిషేధము. వైద్యుఁ ‘డిది యపస్మారము కా’ దనునపుడు పర్యుదాసమునే తలఁచును: అపస్మారమువంటి వేఱొక వ్యాధి కలదని. రోగియు నింటివారును బ్రసజ్యమును విందురు: వ్యాధియే లేదని. ‘పరీక్షలన్నియు సరిగానే యున్న’ వను మాటయు నిట్టిదే. మంచివార్త చెప్పితి ననుకొని వైద్యుఁడు లేచిపోవును. ‘ఏమియు లేనిదే యిన్నాళ్లు మమ్ముఁ ద్రిప్పితివా?’ యని యింటివా రడుగుదురు. వ్యాధి లేదనిపించుకొనిన మనుష్యుఁడు మరునాఁడు మరలఁ బడినచో నతని గతి యేమి? తాను గానిదానినే చెప్పి తానైనదానిని జెప్పని సంజ్ఞ కీ యనర్థము తప్పదు.

ఇచట రోగుల వాక్యములనుగూర్చి యొక మాట చెప్పఁదగియున్నది. ఇంగ్లండునందలి షెఫీల్డు పరిశోధకులు రోగులు తమ మూర్ఛను వర్ణించు తీరును భాషాశాస్త్రదృష్టిచేఁ బరిశీలించి 2009లో వ్యాసములు ప్రకటించిరి. అపస్మారరోగులు మూర్ఛను దమపైఁ బడు శత్రువువలెఁ గర్తగాఁ జేసి చెప్పుట తఱచు; ఈ రెండవ వ్యాధికలవారు దానిని దాము పోయివచ్చు నొక చోటువలె నధికరణముగాఁ జెప్పుట తఱచు. వ్యాధినిర్ణయ మెఱుఁగని భాషావేత్త లిరువురు, మాటలనే చూచి, యిరువదిమందిలోఁ బదునేడుగురి వ్యాధిని సరిగాఁ జెప్పఁగల్గిరి. శబ్దవిచారము వైద్యమున కింతగా నుపకరించుట హర్షింపఁదగినది. కాని దీనిని దెనుఁగునకు యథాతథముగాఁ దెచ్చుకొనరాదు. ఇంగ్లీషున మూర్ఛను గర్తగాఁ జేయుట వక్త యిష్టము. తెనుఁగున ‘నాకు మూర్ఛ వచ్చిన’ దనుట భాషానియమము. ఆఁకలియు, నిద్రయు, జ్వరమును నిట్లే వచ్చును. ఇచటఁ గర్తృత్వము మాత్రమే భేదకము కాఁజాలదు. తెనుఁగురోగి ‘పడిపోతి’ ననుటయు, ‘ఎక్కడికో పోయినట్లుండె’ ననుటయు, ‘నా కేమియుఁ దెలియ’ దనుటయు వేఱువేఱుగాఁ గూర్చి, తెనుఁగువాక్యములనుబట్టియే సూత్రములు కట్టవలయును. ఆ పని వైద్యుఁ డొక్కఁడు చేయలేఁడు. పండితుఁ డొక్కఁడును జేయలేఁడు.

ఇఁక మిగిలినవి రెండు పేరులు. ‘డిసోసియేటివ్’ అనునది 1889లో జానే పండితుఁడు ప్రతిపాదించిన చేతనావిభాగమును స్మరింపఁజేయును. 2022లో నమలునకు వచ్చిన ప్రపంచారోగ్యసంస్థ వర్గీకరణము దీనినే గ్రహించినది. ‘చేతనావియోగమూర్ఛ’ యని తెనిఁగింపవచ్చును. అపస్మారశబ్దపు యోగార్థమునకు సన్నిహితమగుట దీని గుణము. పూర్ణముగా స్మృతి తప్పని రోగులయం దవ్యాప్తమగుట దోషము. ‘ఫంక్షనల్’ అనుదానికిఁ ‘గ్రియావైకల్యమూర్ఛ’ యనవచ్చును. అవయవము చెడలేదు, దాని పని చెడినదని యర్థము. అపస్మారమునను గ్రియావైకల్యము కలదు గావున దీని కతివ్యాప్తి తప్పదు. ఈ దోషము నిజమే, దాఁచఁబనిలేదు. అయినను సంజ్ఞలు సంకేతబలముచే నర్థమును బోధించును. వృద్ధిశబ్దము ఆ ఐ ఔ లను బోధించుట పాణిని సంకేతముచేతనే గాని యోగబలముచేఁ గాదు. పండితులొక్కచో సంకేతించినచో నీ యతివ్యాప్తి శమించును. మిథ్యాశబ్దమునందలి యసంభవము మాత్ర మే సంకేతముచేతను శమింపదు. ఏలయన నిందార్థము సంకేతమునకు లొంగదు. సంజ్ఞలన్నియు దోషయుక్తములైనపుడు, పండితుని నొప్పించు దోషమును సహించి రోగిని నొప్పించు దోషమును ద్రోయుట న్యాయము. కావునఁ గ్రియావైకల్యమూర్ఛ యను పేరు గ్రాహ్యము. వాడుకలో వట్టి ‘సొమ్మ’ యనుటయు దోషము గాదు, అది కనఁబడినదానినే చెప్పి కారణమును గల్పింపదు గనుక.

పేరు మాఱినంతనే వ్యాధి కుదురునని చెప్పుట సాహసము. మనస్తత్త్వచికిత్సకుఁ బెద్దపరీక్షగా బ్రిటనున 368 మంది రోగులయెడఁ జేసి 2020లోఁ బ్రకటించిన ప్రయోగమున, పండ్రెండు మాసములు గడచునప్పటికి నెలకు వచ్చు మూర్ఛల సంఖ్యయందు నిశ్చయింపఁదగిన భేదము తేలలేదు. కాని మూర్ఛలేక వరుసగా గడచిన దినములు పెరిగెను, మూర్ఛ పెట్టు బాధ తగ్గెను, జీవనము కొంత మెఱుఁగుపడెను. చరకుఁ డపస్మారాధ్యాయాంతమున నతత్త్వాభినివేశమునుగూర్చి చెప్పుచు, ధర్మార్థములు పలుకు నాప్తులగు మిత్రులు రోగికి ధైర్యమును, జ్ఞానమును, స్మృతిని, సమాధిని గలిగింపవలయు ననెను. అది వేఱొక వ్యాధిని గూర్చిన మాటయైనను, అం దాప్తశబ్దము ప్రధానము. ఆప్తుఁడనఁగా నున్నదున్నట్లు చెప్పువాఁడు. రోగితో ‘నీకు వ్యాధి కలదు, అది యపస్మారము గాదు, నీవు కోరి తెచ్చుకొన్నదియుఁ గాదు, దీనికిఁ జేయఁదగిన చికిత్స కలదు’ అని నాలుగు వాక్యములు తెనుఁగునఁ జెప్పఁగల వైద్యుఁ డాప్తుఁడు. ఆ నాలుగింటిలో నేవాక్యమునను రోగి కర్త కాకుండఁ జూచుట సంజ్ఞ పెట్టువారి ధర్మము.